కార్యకారణ సంబంధము – సాంఘిక శాస్త్ర పరిశోధన

ఒకదాని వెంట మరియొకటి వచ్చినంతమాత్రమున మొదటిది కారణమనియు, రెండవది కార్యమనియు పలుకుట లోకసహజము. పరిశోధకునకు మాత్రము అది తగదు.

ఇమామ్ గజాలీ 1095లో ముగించిన 'తహాఫుత్ అల్ ఫలాసిఫా'లో దూదిని, నిప్పును ఉదాహరణముగా గైకొనెను. నిప్పు తాకినపుడు దూది కాలుటను మనము చూతుము. నిప్పు వలననే కాలినదనుట చూచినది కాదు, ఊహించినది. సర్వమునకు కర్త దైవమని చూపుట ఆయన ఉద్దేశము. 1739లో హ్యూమ్ దైవప్రసక్తి లేకయే ఇంచుమించు ఇట్టి సంశయమునే వెలిబుచ్చెను. మన విద్యార్థులు హ్యూమును మాత్రమే ఎరుగుదురు. ఇది పాఠ్యప్రణాళిక లోపమని మా అభిప్రాయము.

సంశయముతోనే ఆగినచో పరిశోధన సాగదు. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తన 'తర్కసంగ్రహము'నకు తానే 'దీపిక' అను వ్యాఖ్య వ్రాసెను. వస్త్రమునకు ముందు నూలుపోగు తప్పక యుండును. పోగుతోపాటు దాని రంగును ఉండును. అయినను వస్త్రమునకు కారణము పోగే గాని రంగు కాదు. ఇట్లు ఊరక వెంట నుండు దానిని నైయాయికులు అన్యథాసిద్ధమందురు.

ఇపుడు మనకు దగ్గరి విషయము. 2001 జనాభా లెక్కలలో దేశపు అక్షరాస్యత 64.8 శాతము, ముస్లింలది 59.1. మతమే కారణమని తేల్చువారు పలువురు. అవే లెక్కలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 60.5 కాగా, ముస్లింలది 68. మతము ఒక్కటే; ఫలితము తలక్రిందులు! అట్లని మనము సంతసింపరాదు. ఈ రాష్ట్రపు ముస్లింలలో సగమునకు పైగా పట్టణవాసులు. మొత్తము జనాభాలోనో నాల్గవ వంతుకు కొంచెమే ఎక్కువ. చదువు ఎచటనైనను పట్టణములలోనే హెచ్చు. కావున ఆ 68లో పట్టణపు వాటా ఎంతయో, పట్టణవాసులను పట్టణవాసులతో పోల్చిన గాని తెలియదు. సర్వేకు పోవు మా విద్యార్థులు మతము అను గడి ప్రక్కనే నివాసము, తండ్రి వృత్తి, బడి దూరము అను గడులను గీసికొనవలెను.

అయితే అన్నంభట్టు ఉపమానము మనుష్యుల యెడ పూర్తిగా పొసగదు. పోగు రంగును మగ్గము పట్టించుకొనదు. మనిషి పేరును ఇంటి యజమాని పట్టించుకొనును. పేరు విని ఇల్లు అద్దెకు నిరాకరించిన చోట, ఆ ఇంటికి చేరువలోని బడి పిల్లవానికి దూరమగును. అచట రంగే కారణమగుచున్నది! కనుక మన కాగితముపై ఇంకొక గడి యుండవలెను: ఇల్లు ఎన్నిచోట్ల అడిగిరి, ఎన్నిచోట్ల లేదనిరి.