వోల్టేజి తగ్గితే మోటారు ఎందుకు కాలుతుంది?

బల్క్ కూలర్ ఉన్న సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు తరచు కనిపించే ఖర్చు ఒకటి ఉంది: కంప్రెసర్ మోటారు రీవైండింగు. కారణం అడిగితే "లో వోల్టేజి అండీ" అంటారు. వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గాలి కదా, తక్కువ కరెంటుతో వైండింగు ఎలా కాలిందని అడిగితే జవాబు రాదు. పోయేది సభ్యుల బోనసు సొమ్మే కనుక ఈ సంగతి అందరూ తెలుసుకోవడం మంచిది.

వాడుకలో మనం విద్యుత్తునంతటినీ కరెంటే అంటాం. ఇక్కడ కరెంటు అంటే తీగలో ప్రవహించేది, ఆంపియర్లలో కొలిచేది. దానిని తోసే ఒత్తిడి వోల్టేజి.

వోల్టేజి ఎంత పాలు తగ్గితే కరెంటూ అంత పాలు తగ్గుతుందని 1827లో జర్మనీ శాస్త్రజ్ఞుడు జార్జి సైమన్ ఓమ్ ప్రకటించాడు. తీగ వేడిమి మారనంతవరకే ఈ సూత్రం వర్తిస్తుంది. క్యాన్లు కడిగే నీళ్లు కాచే హీటరు దాదాపు ఇలాగే నడుచుకుంటుంది. 230 వోల్టుల వద్ద 2,000 వాట్ల హీటరు 8.7 ఆంపియర్లు తీసుకుంటే, 180 వోల్టుల వద్ద 6.8 తీసుకుంటుంది. రెండూ తగ్గడంవల్ల దాని శక్తి సుమారు 1,225 వాట్లకు పడిపోతుంది. గంటలో కాగే నీళ్లకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఆలస్యమే తప్ప హీటరుకు నష్టం లేదు.

పాతకాలపు ఫిలమెంటు బల్బు సంగతి వేరు. వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్సు పెరుగుతుంది. అందుకని వోల్టేజి సగమైనా కరెంటు సగానికి పడిపోదు, మూడింట రెండు పాళ్ల వరకు ఉంటుంది.

మోటారు ఈ రెండింటికీ భిన్నం. వోల్టేజి తగ్గినా కంప్రెసర్ గ్యాసును అదిమే పని తగ్గదు. పాల లెక్కతో చూడండి. 6 శాతం వెన్న ఉన్న పాలు 100 కిలోలు పోస్తే 6 కిలోల వెన్న. శాతం 5కు దిగితే అదే 6 కిలోలకు 120 కిలోల పాలు పోయాలి. వోల్టేజి వెన్న శాతమనుకుంటే కరెంటు పాల తూకం. 415 వోల్టుల వద్ద సుమారు 7.5 ఆంపియర్లు తీసుకునే 5 హార్స్‌పవర్ మోటారు, అదే బరువు లాగుతూ 350 వోల్టుల వద్ద 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. కరెంటు పెరిగింది ఐదో వంతే అయినా వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

స్టార్టు చేసేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. 350 వోల్టుల వద్ద మోటారు తిప్పే బలం మామూలులో 70 శాతమే. తిరగలేక నిలిచిపోతే నాలుగైదు రెట్ల కరెంటు లాగుతూ మూలుగుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మిగిలిన రెండు తీగల మీద సుమారు 1.7 రెట్ల భారం పడుతుంది.

ఇలాంటప్పుడు మోటారును ఆపడానికే ఓవర్‌లోడ్ రిలే ఉన్నది. మాటిమాటికీ ట్రిప్పవుతోందని దాని ముల్లును చివరిదాకా తిప్పేసే సిబ్బంది ఉన్నారు. కుక్క మొరుగుతోందని కట్టేసి దొంగకు దారి ఇచ్చినట్లే ఇది. ముల్లు మోటారు నేమ్ ప్లేటు మీది ఆంపియర్లకు మించి ఉండరాదు. ప్యానెల్ తెరవడం మాత్రం ఎలక్ట్రీషియను పనే.

ఎలక్ట్రీషియను చేత టాంగ్ టెస్టరుతో నెలకొకసారి మూడు ఫేజుల కరెంటూ కొలిపించండి. రోజూ ఉదయం, సాయంత్రం కూలర్ నడిచేటప్పుడు ప్యానెల్ మీటర్లలో వోల్టేజి, ఆంపియర్లు చూసి వేళతో సహా రిజిస్టరులో రాయించండి. వోల్టేజి తగ్గి ఆంపియర్లు నేమ్ ప్లేటు అంకె దాటితే డీజిలు ఖర్చని వెనుకాడక జనరేటరు వేసుకోవాలి; పాలు 4 డిగ్రీలకు దిగకుండా ఉంచలేం. కరెంటు పోయి వచ్చాక గ్యాసు ఒత్తిడి సర్దుకునేదాకా నాలుగైదు నిమిషాలు ఆగి స్టార్టు చేయండి. ట్రాన్స్‌ఫార్మరు చాలడం లేదని విద్యుత్ అధికారులకు అర్జీ పెట్టేటప్పుడు ఆ రిజిస్టరు నకలు జతపరచండి.