పాత గేమింగ్ ల్యాప్‌టాప్: బయోస్ జోలికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌ల గురించే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్న కొత్తది కొనుక్కుని తమ్ముడికి ఇచ్చినవి కొన్ని, గల్ఫ్ నుంచి వచ్చినవి కొన్ని, సెకండ్ హ్యాండ్‌లో బేరమాడి కొన్నవి కొన్ని. బండి పాతదైనా సత్తా ఉన్నదే. అసలు రోగం ఎక్కడుందో చూడకుండా మందు వేయడం వల్లే చాలా వరకు పాడవుతున్నాయి.

ప్రశ్న: సార్, నాది డెల్ ఇన్‌స్పిరాన్ 7567. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్యాటరీ ఎప్పుడో పోయింది, ఛార్జర్ మీదే నడిపిస్తున్నాను. బయోస్ అప్‌డేట్ చేస్తే గేముల్లో ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఒక వీడియోలో చూసి మొదలుపెట్టాను. బ్యాటరీ లేదని అప్‌డేట్ ఆగిపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఫోర్సిట్’ అని కొట్టి నడిపించాను. సగంలో కరెంటు పోయింది. ఇప్పుడు లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాలి అన్నారు. నిజమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, బోధన్

జవాబు: మదర్‌బోర్డు పోయిందని నేను నమ్మను. బయోస్ ఉండేది బోర్డు మీద ఎనిమిది కాళ్లున్న ఒక చిన్న చిప్‌లో. అందులో పాత రాత చెరిపి కొత్తది రాస్తుండగా కరెంటు పోయింది కాబట్టి అక్కడ సగం రాతే ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్, మిగతా సర్క్యూట్ అంతా బాగానే ఉండి ఉంటుంది. కాకపోతే వాటిని నిద్ర లేపేవాళ్లు లేరు.

ముందు ఇంట్లోనే చేయగలిగినది చేయండి. ఛార్జర్ పీకేసి పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి పట్టి వదిలేయండి. తర్వాత కంట్రోల్, ఎస్కేప్ రెండు కీలూ కలిపి నొక్కి పట్టుకుని, వదలకుండానే ఛార్జర్ పెట్టండి. డెల్ వాళ్ల చాలా మోడళ్లలో ఇలా చేస్తే బయోస్ రికవరీ తెర వస్తుంది. హార్డ్ డిస్క్‌లో దాచిన కాపీ నుంచి అదే మళ్లీ రాసుకుంటుంది కాబట్టి డిస్క్ ఊడదీయకండి. అది రాకపోతే వేరే కంప్యూటర్‌లో డెల్ సైట్ నుంచి మీ మోడల్ బయోస్ ఫైలు దింపి, వాళ్లు చెప్పిన విధంగా పేరు మార్చి, ఫ్యాట్32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టి, అదే పని మళ్లీ చేయండి. ఇదే గతి పట్టిన హెచ్‌పీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు విండోస్ కీ, బి కీ కలిపి పట్టుకుని పవర్ నొక్కి చూడవచ్చు. ఓపిక పట్టండి. కొన్నిసార్లు తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండి అప్పుడు వెలుగుతుంది.

రెండూ పనిచేయకపోతే చిప్ లెవెల్ పని చేసేవారి దగ్గరికి వెళ్లాలి. నిజామాబాద్‌లో అడగండి, దొరక్కపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతారు. వాళ్ల దగ్గర సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్ ఉంటుంది. దాని క్లిప్‌ను చిప్‌కు తగిలించి బయోస్ నేరుగా రాసేస్తారు. మీరు పక్కనే నిలబడి ఒక్క మాట అడగండి: ‘అన్నా, రాసే ముందు ఇప్పుడున్నది చదివి దాచినవా?’ ఆ సగం రాతలోనే మీ సర్వీస్ ట్యాగ్, విండోస్ లైసెన్స్ కీ ఉంటాయి. అది దాచకుండా ఇంటర్నెట్‌లో దొరికిన ఎవరిదో ఫైలు ఎక్కిస్తే ల్యాప్‌టాప్ లేస్తుంది గానీ ట్యాగ్ వేరొకరిది చూపిస్తుంది. ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ భాగం కుదరక అరగంటకోసారి దానంతటదే ఆగిపోవచ్చు, ఫ్యాను ఆగకుండా అరవవచ్చు. ఇంకో సంగతి, ఈ చిప్‌లలో 3.3 వోల్టులవీ ఉంటాయి, 1.8 వోల్టులవీ ఉంటాయి. చూసుకోకుండా ఎక్కువ వోల్టేజీ ఇస్తే ఉన్న చిప్ కూడా పోతుంది. ఈ పనికి అయ్యే ఖర్చు మదర్‌బోర్డు ధర ముందు లెక్కలోకి రాదు.

ఇక ఆ ‘ఫోర్సిట్’ గురించి. బ్యాటరీలో కనీసం 10 శాతం ఛార్జ్ లేకపోతే డెల్ అప్‌డేట్ మొరాయించడం లోపం కాదు. కరెంటు పోయినా పని పూర్తి కావాలనే పెట్టిన అడ్డు అది. మీరు ఆ అడ్డు తీసేశారు, సరిగ్గా దేనికి భయపడి దాన్ని పెట్టారో అదే జరిగింది. నాట్ల కాలంలో మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయితే వోల్టేజీ ఎలా ఊగుతుందో బోధన్‌లో ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌లో బయోస్ ముట్టుకోకూడదు, తప్పనిసరైతే యూపీఎస్ మీద చేయాలి. అన్నిటికంటే పెద్ద మాట, బయోస్ మారిస్తే ఎఫ్‌పీఎస్ పెరగదు. కంపెనీ ఇచ్చే విడుదల వివరాల్లో మీకున్న ఇబ్బంది పేరు పెట్టి రాసి ఉంటేనో, భద్రతా లోపం సరిచేశామని ఉంటేనో అప్‌డేట్ చేయండి. లేదంటే వద్దు.

ప్రశ్న: నాది ఇన్‌స్పిరాన్ 7559. ఆన్‌లైన్‌లో 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తెప్పించాను. ఎం.2 స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ కూడా పడింది. కానీ బయోస్‌లో కనిపించడం లేదు. బయోస్ అప్‌డేట్ చేస్తే కనిపిస్తుందా? దాంతోపాటు ర్యామ్ కూడా పెంచాలనుకుంటున్నాను.
– ఆర్మూర్

జవాబు: కనిపించదు. మీ మోడల్‌లో ఆ స్లాట్‌కు సాటా తీగలు మాత్రమే వేశారు, ఎన్‌వీఎంఈకి కావలసిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైన్లు అక్కడికి రానే లేదు. లేని తీగను ఏ సాఫ్ట్‌వేరూ సృష్టించలేదు. రూపం ఒకటే కావడంతో చాలామంది ఇక్కడే మోసపోతున్నారు. ఎస్‌ఎస్‌డీ అంచున బంగారు రంగు కాళ్ల దగ్గర చూడండి: రెండు గాట్లుంటే చాలావరకు సాటా, ఒక్క గాటే ఉంటే చాలావరకు ఎన్‌వీఎంఈ. గాటును పూర్తిగా నమ్మొద్దు, పెట్టె మీద ఏం రాసి ఉందో చదివి కొనండి.

వాపసు గడువు ఉంటే ఈ రోజే తిప్పి పంపండి. ఎం.2 సాటా గానీ, పాత హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టే రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ గానీ తీసుకోండి. వేగం తగ్గిపోతుందని బెంగపడకండి. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదువుతుంది, సాటా ఎస్‌ఎస్‌డీ 500 పైనే. మీ కంటికి తెలిసే తేడా అక్కడే ఉంది. దాని తర్వాత 500 నుంచి 3000కు ఎగబాకినా విండోస్ తెరుచుకోవడంలో మీరు గుర్తుపట్టేది కొద్దిగానే. వాపసు కుదరకపోతే ఎన్‌వీఎంఈకి పనిచేసే యూఎస్‌బీ కేసు ఒకటి కొని, ఆ ఎస్‌ఎస్‌డీని బయటి డ్రైవ్‌గా వాడుకోండి.

ర్యామ్‌కు మీ ల్యాప్‌టాప్‌లో పట్టేది డీడీఆర్3ఎల్, చివర ‘ఎల్’ ముఖ్యం. అది 1.35 వోల్టులది. మామూలు డీడీఆర్3 తీసుకోవద్దు. డీడీఆర్4 గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. 8 జీబీవి రెండు వేసుకోండి. ఒక్కటే పెద్దది వేయడం కంటే జంటగా ఉంటే గేములకు మేలు.

ప్రశ్న: గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050. దాన్ని తీసి ఆర్‌టీఎక్స్ పెట్టించవచ్చా?
– డిచ్‌పల్లి

జవాబు: పెట్టించలేరు. అది బోర్డుకు అతికి ఉంటుంది. బయట నుంచి తగిలించే పెట్టెలున్నా, వాటికయ్యే డబ్బుకు మంచి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ వస్తుంది. చేయించి ఇస్తామని ఎవరైనా అంటే అడ్వాన్స్ ఇవ్వకండి.

ప్రశ్న: మా తమ్ముడు దుబాయ్‌ల పనిచేస్తడు. మొన్న వచ్చినప్పుడు వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ నాకు ఇచ్చి పోయిండు. ఛార్జింగ్ పెట్టి చెయ్యి ఆనిస్తే జిమ్మని షాక్ కొడ్తున్నది. ఛార్జర్ తీస్తే ఏం లేదు. అక్కడి కరెంటుకు తయారైంది, ఇక్కడ నడవదు అంటున్నరు. ఛార్జర్ మార్చాల్నా?
– నవీపేట

జవాబు: అక్కడి కరెంటూ మన కరెంటూ దాదాపు ఒకటే, 230 వోల్టులు. ఛార్జర్ మార్చకండి, దోషం పిన్నులో ఉంది. దుబాయ్ ప్లగ్గుకు మూడు చదరపు పిన్నులుంటాయి, మన బోర్డులో దూరవు. మీరు బజార్లో దొరికే కన్వర్టర్ తగిలించి ఉంటారు. అలాంటి వాటిలో చాలా వాటికి మూడో పిన్ను ఉండదు, ఉన్నా ఎర్త్‌కు కలవదు. ఛార్జర్ లోపలుండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ జారుతుంటుంది. దానికి ఎర్త్‌లోకి దారి లేకపోతే ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీదికి వస్తుంది. మీ చేతికి తగిలే జిమ్మన్నది అదే.

ఛార్జర్ డబ్బా నుంచి గోడకు పోయే వైరు ఊడొచ్చేదే. అదే రకం కొసతో, మన లావు మూడు పిన్నులున్న మంచి వైరు కొని కన్వర్టర్ పారేయండి. అయినా తగ్గకపోతే ఇంటి ఎర్తింగ్ చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి పనిచేయకుండా పోవడం మన దగ్గర మామూలే, నీళ్లు పోసి చూడండి. జిమ్మనడం కాకుండా చెయ్యి లాగేసుకునేంత కొడితే మాత్రం ఆ ఛార్జర్ వాడటం ఆపేయాలి.

ప్రశ్న: రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. అదే ల్యాప్‌టాప్‌లో రాత్రిళ్లు గేములు ఆడుతాను. పావుగంట కాగానే ముందు గేము నత్తనడక నడుస్తుంది, ఆపై మొత్తం ఆగిపోతుంది. ఇంతకుముందు థ్రాటిల్‌స్టాప్‌తో వోల్టేజీ తగ్గించి వాడేవాడిని, బాగుండేది. బయోస్ అప్‌డేట్ అయ్యాక ఆ సెట్టింగ్ పనిచేయడం లేదు. పాత బయోస్‌కు వెళ్లాలా?
– వర్ని

జవాబు: 2019 డిసెంబర్‌లో ‘ప్లండర్‌వోల్ట్’ అనే భద్రతా లోపం బయటపడింది. వోల్టేజీ తగ్గించే ఆ వీలును వాడుకుని ప్రాసెసర్‌లోని రహస్యాలను లాగవచ్చని పరిశోధకులు చూపించారు. దాంతో కంపెనీలు బయోస్ ద్వారా ఆ తలుపు మూసేశాయి. మీది ఇంటెల్ ఆరో తరం గానీ ఆ తర్వాతిది గానీ అయితే అదే జరిగి ఉంటుంది. వెనక్కి వెళ్లడం కొన్ని మోడళ్లలో అసలు కుదరదు. కుదిరినా, మిల్లు లెక్కలున్న మిషన్‌లో ఆ తలుపు తెరవమని నేను చెప్పను.

పైగా మీ ల్యాప్‌టాప్ రోగం వోల్టేజీ కాదు, తవుడు. వెనక మూత విప్పి ఫ్యాను పక్కన రాగి పలకల వైపు టార్చ్ వేసి చూడండి. సన్నటి పలకల ముందు బూడిద రంగులో దుప్పటిలా ఒక పొర కనిపిస్తుంది. మిల్లు దుమ్ము ఫ్యానులోంచి వెళ్లిపోతుంది గానీ పలకల దగ్గర అట్ట కడుతుంది. బయట నుంచి బ్లోయర్ కొడితే అది కదలదు. ఫ్యాను విప్పి, ఆ పొరను చిమటాతో ఒకే ముక్కగా లాగేయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను పుల్లతో కదలకుండా పట్టండి, లేకపోతే వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా పొడిపొడిగా ఉంటుంది, తుడిచి కొత్తది వేయించండి. మెమరీ చిప్‌ల మీదుండే మెత్తటి ప్యాడ్‌లు చిరిగితే అదే మందంవి వేయాలి. చాలామంది మెకానిక్‌లు వాటి చోట కూడా పేస్టే పూసి పంపుతారు, ఒప్పుకోకండి.

మన దగ్గర మే నెలలో గదే 40 డిగ్రీలుంటుంది. ఎంత మంచి ఫ్యానైనా గదిలో ఉన్న గాలితోనే చల్లబరచాలి. అందుకని విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి దించండి. ఆ ఒక్క అంకెతో టర్బో ఆగిపోతుంది, వేడి గణనీయంగా తగ్గుతుంది. గేములో ఎఫ్‌పీఎస్ 60 దాటకుండా కట్టేయండి. ఎడారి కూలర్ ముందు మాత్రం పెట్టకండి, ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది. టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేచినట్టుంటే అది బ్యాటరీ. గుచ్చకుండా, నొక్కకుండా వెంటనే తీయించండి.

ప్రశ్న: అయ్యా, శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తగ్గించి వరి వేసుకుంటున్నాం. మా అబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు. విండోస్ 10 అయిపోయింది, తన లెనోవో ఇక పనికిరాదు, కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. ఉన్నది వై520, ఏడో తరం ఐ7 అట. నిజంగా పనికిరాదా?
– కోటగిరి

జవాబు: మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. అంటే మిషన్ ఆగిపోదు, భద్రతా అప్‌డేట్లు ఆగుతాయి. పొడిగింపు పథకంలో పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు అవి వస్తాయి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు కలిపితే డబ్బు కూడా అక్కర్లేదు. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం కావాలి, ఏడో తరంలో దాదాపు అన్నీ ఆ జాబితా బయటే ఉన్నాయి. అడ్డదారిలో ఎక్కించవచ్చు గానీ అప్‌డేట్లు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు. గ్రాఫిక్స్ వైపు కూడా, జీటీఎక్స్ 10 వరసకు కొత్త గేముల కోసం డ్రైవర్లు ఇవ్వడం ఎన్‌విడియా ఆపేసింది, ఇక భద్రతకు సంబంధించినవే వస్తాయి. కొత్త గేములకు అది పాతబడిన మాట నిజమే.

అయితే డిప్లొమా చదువుకు పాతబడలేదు. సీ ప్రోగ్రామింగ్, ఆటోక్యాడ్‌లో గీతలు, ప్రాజెక్టు రిపోర్టు, వీటన్నిటికీ 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే ఆ ల్యాప్‌టాప్ ఇంకో మూడేళ్లు సులువుగా లాగుతుంది. క్యాడ్ అక్కర్లేని కోర్సైతే లినక్స్ వేసుకోమనండి, గడువుల గొడవే ఉండదు. నా సలహా: ఎస్‌ఎస్‌డీకి, ర్యామ్‌కు డబ్బివ్వండి, పేస్ట్ మార్పించండి. ధాన్యం డబ్బులు ఇప్పుడే గేమింగ్ ల్యాప్‌టాప్‌లో పెట్టొద్దు. కోర్సు అయ్యాక ఉద్యోగానికి ఏది కావాలో అప్పుడు కొనొచ్చు. అబ్బాయికి కోపం వస్తే నా పేరు చెప్పండి.

పాఠకులకు ఒక మనవి. ‘ల్యాప్‌టాప్ స్లో అయింది, ఏం చేయాలి’ అని ఒక్క వాక్యంలో రాస్తే జవాబు చెప్పలేం. కింద అట్ట మీదున్న పూర్తి మోడల్ నంబర్, ర్యామ్ ఎంతో, డిస్క్ ఏదో, బ్యాటరీ బతికి ఉందో లేదో తప్పక రాయండి. విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కి ఎంఎస్‌ఇన్ఫో32 అని కొడితే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి, అవి కూడా రాయండి. సర్వీస్ ట్యాగ్, లైసెన్స్ కీ మాత్రం ఉత్తరంలో పెట్టకండి.