లేజరు తర్వాత కంటి పొర ఊడితే

జీవశాస్త్రం పుస్తకంలో కంటి బొమ్మ చూశారు కదా. అందులో వెనక గోడకు అంటుకుని ఉండే పలచటి పొరే రెటీనా. అది ఊడితే ఏం చేస్తారో మా తాత కంటి వల్ల నాకు తెలిసింది.

తాతకు శుక్లం తీసి లెన్సు పెట్టారు. రెండేళ్ళకు మళ్ళీ మసక. శుక్లం తిరిగి పెరిగిందన్నారు ఊళ్ళో. తీసిన శుక్లం మళ్ళీ రాదు. లెన్సు కూర్చున్న సంచి వెనక పొర మసకబారుతుంది, అంతే. యాగ్ లేజరుతో ఆ పొరలో చిన్న కిటికీ తెరుస్తారు. కత్తి పెట్టరు, కొద్ది నిమిషాల పని. తాతకు చూపు బాగానే వచ్చింది.

అయితే ఈ లేజరు అయినవాళ్ళలో బహు కొద్దిమందికి తర్వాత రెటీనా చిరుగుతుంది. కంటిగుడ్డు నిండా జిగురులాంటి కాచావత్ ద్రవం ఉంటుంది. అది కదిలి రెటీనాను లాగుతుంది. చిరుగులోంచి నీరు దూరితే, వానకు తడిసిన మన గోడపత్రిక కాగితంలాగే పొర ఊడిపోతుంది. తాతకు ముందు మెరుపులు, నల్ల చుక్కలు కనపడ్డాయి. తర్వాత ఒక పక్కనుంచి నల్ల తెర కమ్మింది. నొప్పి లేదు గనక పదిరోజులు ఎవరికీ చెప్పలేదు.

దీనికి చేసే ఆపరేషను విట్రెక్టమీ. 1970లో అమెరికాలో రాబర్ట్ మాకెమర్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. కంటి తెల్లభాగంలో మూడు సన్నని రంధ్రాలు చేస్తారు. ఒకటి నీరు పంపడానికి, ఒకటి దీపానికి, ఒకటి జిగురును కత్తిరించి పీల్చే గొట్టానికి. పొరను చదునుచేసి చిరుగు చుట్టూ లేజరుతోనే అతుకు వేస్తారు. నాకు వింతనిపించింది. ఇది వేరే లేజరట, కాల్చి మచ్చ చేసి అతికిస్తుంది. అతుకు గట్టిపడేదాకా లోపల గ్యాసు నింపుతారు.

కొండ ఊళ్ళవాళ్ళం ఈ గ్యాసు సంగతి బాగా తెలుసుకోవాలి. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి కంట్లో గ్యాసు ఉబ్బుతుంది. ఉన్న చూపు కూడా పోవచ్చు. అందుకే విమానం ఎక్కొద్దంటారు. మనకు విమానం ఎక్కడిది గాని, ఘాటు రోడ్డు ఉందిగా! అరకే సుమారు 900 మీటర్ల ఎత్తు. డాక్టరుగారు మా ఊరేదో అడిగి, గ్యాసు కరిగేదాకా కొండ ఎక్కొద్దన్నారు. తాత ఆరు వారాలు కింద మా మేనత్త ఇంట్లోనే ఉన్నాడు, తల వంచుకుని. "మేకలాగ నేలే చూస్తన్నానురా" అనేవాడు.

పొర అతుక్కుంది గాని పూర్తి చూపు రాలేదు. రెటీనా నడిమి భాగం మాక్యులా. అది ఊడకముందే ఆపరేషనైతే చూపు చాలావరకు నిలిచేది. తాతకు అదీ ఊడిపోయింది. ఆ కంటితో ఇప్పుడు మనిషి ఆకారమే గాని మొహం ఆనదు.

సెలవులకు వెళ్ళినప్పుడు, శుక్లం తీయించుకున్న పెద్దవాళ్ళను మెరుపులు, చుక్కలు, తెర ఏమైనా కనపడుతున్నాయా అని అడగండి. ఒక్కో కన్ను మూయించి అడగాలి. రెండూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పేస్తుంది.