క్రిస్మస్ దినాల్లో ఆదరణ: సుగ్గికి పోని వారి కోసం ఒక పాఠం

చదవవలసిన భాగాలు: 2 కొరింథీయులకు 1:3-7, యోబు 2:11-13, మత్తయి 2:13-18, యాకోబు 2:14-17



డిసెంబరు నెల రాగానే మన సంఘాల్లో సందడి మొదలవుతుంది. మందిరానికి సున్నం వేస్తాం, వాకిట నక్షత్రం కడతాం, రాత్రిళ్లు ఇంటింటికీ వెళ్లి పాటలు పాడతాం. ఇదే నెలలో ఆదోని, ఎమ్మిగనూరు చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం వంటి మండలాల్లో ఎన్నో ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. వానలు సరిగా పడక, పడినా పంట చేతికి రాక, కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. కొందరు గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. మరికొందరు బెంగళూరు, హైదరాబాదులకు కట్టడం పనులకు పోతారు. చాలామంది తిరిగి వచ్చేసరికి ఉగాది అవుతుంది.

ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, జబ్బుతో ఉన్నవాళ్లు, అవ్వాతాతల దగ్గర వదిలిన పిల్లలు. మన పాటల గుంపు తాళం వేసిన ఇల్లు చూసి దాటిపోతుంది. పక్క గుడిసెలో ఒంటరిగా కూర్చున్న అవ్వ మన కంట పడదు. ఆ అవ్వను దృష్టిలో పెట్టుకొని ఆదరణ అంటే ఏమిటో ఈ పాఠంలో నేర్చుకుందాం.

1. మొదటి క్రిస్మస్ కుటుంబం కూడా ఊరు విడిచినదే

జనసంఖ్య ఆజ్ఞ వలన యోసేపు మరియలు నజరేతు విడిచి బేత్లెహేముకు వెళ్లారు. సత్రంలో చోటు దొరకలేదు. తర్వాత హేరోదు భయంతో పసిబిడ్డను తీసుకొని రాత్రివేళ ఐగుప్తుకు పోయారు. అంతటితో కథ అయిపోలేదు. బేత్లెహేములో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల ఏడుపును కూడా మత్తయి రాశాడు, దాన్ని పండుగ కోసం దాచిపెట్టలేదు. కాబట్టి క్రిస్మస్ రోజున కన్నీళ్లు పెట్టుకునేవారు పండుగను పాడు చేస్తున్నారని మనం అనుకోకూడదు. ఆ పండుగలో వారికి మొదటి నుంచీ చోటుంది.

2. ముందు కూర్చోండి, తర్వాత మాట్లాడండి

యోబు స్నేహితులు ముగ్గురు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మంచి పని అదే. నోరు తెరిచిన తర్వాతే వారి తప్పులు మొదలయ్యాయి. మనం కూడా దుఃఖంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి “ఇది దేవుని చిత్తం”, “నీ విశ్వాసం చాలలేదు” అంటే ఉన్న గాయాన్ని రేపినవాళ్లమవుతాం. “అవ్వా, అన్నం తింటివా? కొడుకు ఫోన్ చేసినాడా?” అని అడిగి ఆమె చెప్పేది వినండి. చెప్పిందే పదిసార్లు చెప్పినా వినండి. ప్రార్థన చేయమంటారా అని అడిగి, ఆమె సరేనంటే చిన్న ప్రార్థన చేయండి.

మనం పొందిన ఆదరణనే ఇతరులకు పంచుతామని అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి బోధించాడు. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి, అదే దుఃఖం దాటి వచ్చిన మరొక స్త్రీ చేతి స్పర్శ మన ప్రసంగం కంటే ఎక్కువ మాట్లాడుతుంది. అటువంటి వారిని మీతో తీసుకువెళ్లండి.

3. ఆకలికి అన్నం, జబ్బుకు మందు

చలికి వణికేవాణ్ణి, ఆకలితో ఉన్నవాణ్ణి మంచి మాటతో పంపివేస్తే ప్రయోజనమేమిటని యాకోబు ప్రశ్నిస్తాడు. వెళ్లినప్పుడు ఈ సంగతులు గమనించండి.

బి.పి., షుగరు మాత్రలు ఉన్నాయా, అయిపోయి ఎన్నాళ్లయింది? పిల్లలు ఊళ్లో లేనప్పుడు ముసలివారి మందులే ముందుగా ఆగిపోతాయి. షుగరు ఉన్నవారికి కేకులు, మిఠాయిలు పంచకండి. పప్పు, గుడ్లు, జొన్నపిండి, ఒక మంచి దుప్పటి ఇవ్వండి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే గళ్ల పరీక్ష చేయించండి. క్షయకు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో సుగ్గికి పోవలసి వస్తే ఆరోగ్య కార్యకర్తకు ముందుగా చెప్పాలి. నిక్షయ్ నంబరు ఉంటే చేరిన ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స కొనసాగించవచ్చు. మందు మధ్యలో మానితే జబ్బు మొండికెత్తుతుంది, ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది.

4. ఎర వేయని ఆదరణ

1876-78 మధ్య వచ్చిన గొప్ప కరువులో మన ప్రాంతం తీవ్రంగా నలిగిపోయింది. అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. అదే కరువు కోస్తాలో ఒంగోలు ప్రాంతాన్ని కూడా పట్టింది. అక్కడ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి కల్పించాడు. కరువు సాయం సాగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు. కూటి కోసం ఎవరూ విశ్వాసం చెప్పుకోకూడదని ఆయన ఉద్దేశం. సాయం ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఇందులో మనకు పాఠముంది. దుప్పటి ఇచ్చి సంఘానికి రమ్మని అడగకండి. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయకండి. ఆ ఇంటివారు ఏ మతస్థులైనా, ఏ కులస్థులైనా ఆదరణ ఒక్కటే.

5. మనసు కుంగినవారు

ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన ఊరు. మాచాని సోమప్పగారు అక్కడి నేతగాళ్ల సహకార సంఘానికి పునాది వేశారు. మగ్గం ఆగిపోయిన నేతగానికీ, పత్తి ధర పడిపోయి అప్పు మిగిలిన రైతుకూ పండుగ నెల భారంగా ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. “నేను పోతే అందరికీ మేలు” అనే మాట వింటే తేలిగ్గా తీసుకోకండి. చనిపోవాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందనేది అపోహ. వారిని ఒంటరిగా వదలకండి, ఇంట్లోని పురుగుమందు డబ్బాలు తీసివేయించండి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఎవరైనా పురుగుమందు తాగితే వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకురండి.

6. ఆలోచించి, చేయవలసినవి

మన వీధిలో తాళం పడిన ఇళ్లు ఎన్ని? ఆ ఇళ్లవారు వెనుక ఎవరిని వదిలి వెళ్లారు?

సంఘంలో ఇద్దరిద్దరు కలిసి ఒక్కొక్క ఇంటి బాధ్యత తీసుకోగలమా? క్రిస్మస్ రోజున అవ్వచేత సుగ్గిలో ఉన్న కొడుకుకు ఫోన్ చేయించగలమా?

జనవరిలో మళ్లీ వెళ్తామా? ఈ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. డిసెంబరు 25న ఒక ఇంటికి పదిమంది వస్తారు. 26 నుంచి ఉగాది దాకా ఎవరూ రాకపోతే ఆ అవ్వ ఒంటరితనం మునుపటికంటే ఎక్కువవుతుంది. వారానికి ఒక్కసారి, పావుగంట చాలు. కాని మాట ఇచ్చిన రోజున తప్పకుండా వెళ్లాలి.

ఇమ్మానుయేలు అనే పేరుకు దేవుడు మనతో ఉన్నాడని అర్థం. మన పక్కింటివారికి ఆ తోడు కనబడవలసింది మన రాకలోనే. ప్రభువు మనందరికీ అటువంటి ఓపికను, ప్రేమను దయచేయును గాక. ఆమేన్.