పండుగ బేరమునకు వానకాలపు సిద్ధపాటు

చదువవలసిన భాగములు: లూకా 14:28–30, ఆమోసు 8:4–6, ద్వితీయోపదేశకాండము 24:14–15



దసరా మొదలుకొని దీపావళి, క్రిస్మసు, సంక్రాంతి వరకు మన పల్లెలలో బట్టల బేరము మిక్కిలిగా సాగును. నేతగాడును, దర్జీయు, సంతలో మూట విప్పి అమ్మువాడును సంవత్సరమంతయు ఆ నెలల కొరకే ఎదురుచూతురు. మన సంఘములలోను ఇట్టివారు కలరు. వారియొద్ద కొనువారము మనమే. కాబట్టి పండుగ బేరమునకు సిద్ధపడుటను గూర్చి ఈ నెల పాఠము వ్రాయుచున్నాము.

పండుగ నెలలో సిద్ధపడ నారంభించువాడు అప్పటికే ఆలస్యమైనవాడు. పోచంపల్లి సంగతి చూడుడి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరములు దానమిచ్చిన ఊరు అదియే. నల్లగొండ జిల్లాలో నుండిన ఆ ఊరు 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. అక్కడ చీరె మగ్గము మీద మొదలు కాదు. మొదట గళ్ల కాగితము మీద నమూనా గీయుదురు. నూలును కట్టలుగా కట్టి, రంగు అంటకూడని చోట్ల సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి చుట్టి, రంగులో ముంచి ఆరవేయుదురు. పిమ్మట ఆ కట్లు విప్పి, వేరొక చోట కట్టి, వేరొక రంగులో ముంచుదురు. ఎన్ని రంగులో అన్ని మార్లు ఈ పనియే. ఇదంతయు ముగిసిన తరువాతనే నూలు మగ్గమునకు చేరును.

ఇక్కడనే చిక్కున్నది. దసరాకు అమ్మవలసిన చీరెను వానకాలములో నేయవలెను. రంగు వేసిన నూలు ఆ నెలలలోనే త్వరగా ఆరదు. వీధిలో పడుగు సాచుటకు వీలుండదు. గుంట మగ్గములోనికి చెమ్మ దిగును. కావున అనుభవముగల నేతగాండ్రు మృగశిర రాకముందే రంగుల పని ముగించుకొన జూతురు. అట్లు చేయుటకు ఎండకాలములోనే నూలు కొనవలెను. బేరము లేని ఆ దినములలో చేతిలో డబ్బుండదు. గద్వాల నేతగానికి ఈ భారము ఇంకను ఎక్కువ. ఆ చీరెకు ఒళ్లు నూలు, అంచును కొంగును పట్టు, వాటిలో జరీ. పట్టు ధర ఎప్పుడు పెరుగునో ఎప్పుడు తగ్గునో చెప్పుట కష్టము.

అప్పుడు షావుకారు తలుపు తెరచియే యుండును. నూలు అతడిచ్చును, చీరె అతడే తీసికొనును, వెల కూడ అతడే కట్టును. పండుగనాడు దుకాణములో జనము క్రిక్కిరిసియుండగా, ఆ లాభము ఎవరిదో వైశాఖములోనే తేలిపోయినది. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానమును మనము శిష్యత్వమును గూర్చి చదువుదుము. అది సరియే. అయినను ఆ లెక్క నిజముగా కట్టువారి లెక్కయే గదా. సంక్రాంతి అమ్మకములో వచ్చిన దానిలోనుండి వచ్చే యెండకాలపు నూలు నిమిత్తము కొంత విడిగా తీసి, సంఘములోనో బ్యాంకులోనో వేసికొనుట మేలు. ఒక్క మగ్గమునకు సరిపడు నూలైనను సొంతమైనయెడల, ఆ ఒక్క మగ్గపు చీరెకు వెల చెప్పు హక్కు మనదగును.

ఎక్కువ నేసిపెట్టుకొనుటయు సిద్ధపాటు కాదు. 2020లో దుకాణములు మూతపడినప్పుడు అమ్ముడుపోని చీరెలు నేతగాండ్ర ఇండ్లలో పేరుకొనిపోయెను. మడతలో నున్న చీరె పెట్టెలో నున్న డబ్బు కాదు.

ఇక ఆమోసు. అతడు తెకోవలో పసులు కాచుచు, మేడిపండ్లు ఏరుకొనిన మెట్టప్రాంతపువాడు, మనవంటివాడని చెప్పవచ్చును. పండుగదినము ఎప్పుడు గడచిపోవునా, గాదె ఎప్పుడు తెరతుమా అని ఆరాటపడు వర్తకులను అతడు చూచెను. కొలత తగ్గించుట, వెల పెంచుట, పనికిరాని గింజలను అమ్ముట వారి సిద్ధపాటు. నేడు చిటికి నమూనాను యంత్రపు బట్ట మీద అచ్చువేసి పోచంపల్లి చీరె యని అమ్ముచున్నారు. 1985 నాటి చట్టము కొన్ని రకముల బట్టలను చేతి మగ్గములకే ప్రత్యేకించినది. 2005లో పోచంపల్లి నేతకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయినను గిరాకీ వేళ ఎవరు తిప్పి చూతురు? మీరు తిప్పి చూడుడి. నిజమైన చీరెకు రెండు ప్రక్కల రంగు ఒక్క తీరుగ నుండును. బొమ్మ అంచులు కొంచెము చెదరినట్లుండును. అచ్చువేసిన దానికి వెనుక ప్రక్క సాధారణముగా వెలవెలబోవును. మన సహోదరులలో ఎవరైనను చవుకబట్టను చవుకబట్టయనియే చెప్పి అమ్మిన తప్పు లేదు.

గిరాకీ పెరిగినప్పుడు భారము ఎవరి భుజము మీద పడునో కూడ చూడవలెను. చిటికి చీరె పేకకు నూలును ఆసు మీద పోయుట తరచుగా స్త్రీల పని. ఒక్క చీరెకు చేయి సుమారు 9,000 మార్లు అటునిటు పోవలెను. నాలుగైదు గంటలు పట్టును. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజము నొప్పిని చూచి, ఏండ్ల తరబడి పాటుపడి 1999లో ఆసు యంత్రము చేసెను. దానికి తల్లి పేరే పెట్టెను. ఆ పని గంటన్నరకు తగ్గినది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చిరి. లక్ష్మి ఆసు వచ్చువరకు ఎన్ని పండుగల చీరెలు ఎందరి భుజముల మీదుగా పోయెనో ఎవరును లెక్క వ్రాయలేదు. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రములో నున్నది. ఇంటి ఆడవారి కూలి మాట మన లెక్క పుస్తకములలో బొత్తిగా కనబడదు. నూలు ఖర్చు, రంగు ఖర్చు వ్రాసికొనుచోట ఆసు పోసిన గంటలును వ్రాసి చూడుడి. చీరె వెల ఎంత చెప్పవలెనో అప్పుడు తెలియును.

మా యెరుకలో నొక దర్జీ కలడు. ఒక క్రిస్మసుకు వచ్చిన గుడ్డలన్నియు తీసికొని, సగము మందికి పండుగ దాటిన తరువాత ఇచ్చి మాట పడెను. మరుసటి యేడు గోడకు పలక తగిలించి, దినమునకు ఎన్ని కుట్టగలడో లెక్క వేసికొని, డిసెంబరు పదవ తేదీతో పుస్తకము మూసెను. మేము పదమూడవ తేదీన గుడ్డ చంకన పెట్టుకొని పోతిమి. అతడు కుర్చీ వేసి, టీ తెప్పించి, పలక చూపించెను. ఆ క్రిస్మసు ఆరాధనకు మేము పాత చొక్కాతోనే వెళ్లితిమి. అతని దుకాణములో గుండీలు కుట్టు పిల్లవాడు మాత్రము ఇరువది నాలుగవ తేదీ సాయంకాలమే కూలి తీసికొని, క్రొత్త చొక్కాతో మాకంటె ముందు వరుసలో కూర్చుండెను.