అకాడమీలో సీటొచ్చింది, మరి ఆ తర్వాత?

పిల్లాడికి ఫుట్‌బాల్ అకాడమీలో సీటొచ్చిందంటే అది ఇంటిల్లిపాదీ పండగ చేసుకోవాల్సిన విషయమే. ఎండలో పరుగులు తీసి, మోకాళ్లు చెక్కుకుపోయినా మానకుండా సంపాదించుకున్న సీటది. అయితే హాస్టల్‌కు బ్యాగు సర్దే ముందు అమ్మా నాన్నా కాసేపు కూర్చుని మాట్లాడుకోవాలి. పన్నెండేళ్ల వయసులో కల కనడం పిల్లాడి పని. ముందు వెనకలు ఆలోచించడం మన పని. ఈ రెండో పని వాడి నెత్తిన పెట్టకూడదు.

మొదట ఖాళీలెన్నో చూద్దాం. దేశంలోని పెద్ద లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2024-25లో 13 క్లబ్బులు ఆడాయి. క్లబ్బుకు ముప్పై మంది చొప్పున వేసుకున్నా దేశం మొత్తానికి నాలుగు వందల మంది లేరు, వాళ్లలో విదేశీయులు కూడా ఉంటారు. దొరికిన చోటు నిలుస్తుందన్న భరోసా కూడా తక్కువే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిలతో చాలామంది ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2025లో ఆ క్లబ్బే పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఆ ఏడాది మొదలవ్వాల్సిన లీగ్ డిసెంబరు దాటినా మొదలు కాలేదు. ట్రోఫీ గెలిచిన ఆటగాళ్ల పరిస్థితే ఇలా ఉంటే, మన పిల్లాడికి ఇంకో దారి కూడా తెరిచి ఉంచాలి కదా.

ఆటతో పాటు బతుకుతెరువు చూసుకోవడం మన దగ్గర పాత పద్ధతే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఈ మధ్య సంగతే చూడండి. 2024 డిసెంబరు 31న హైదరాబాద్‌లో రాష్ట్ర జట్ల టోర్నీ సంతోష్ ట్రోఫీ గెలిచి వెళ్లిన బెంగాల్ ఆటగాళ్లకు అక్కడి ప్రభుత్వం పోలీసు ఉద్యోగాలిచ్చింది. రైల్వేలు, సైన్యం, పోలీసు శాఖలు స్పోర్ట్స్ కోటాలో ఆటగాళ్లను తీసుకుంటాయి. కానీ అక్కడ ఆడిన టోర్నీల సర్టిఫికెట్లతో పాటు పదో తరగతో, ఇంటరో పాసైన మెమో కూడా అడుగుతారు. అంటే చదువు మానేసిన ఆటగాడు ఆట ద్వారా వచ్చే ఉద్యోగాన్ని కూడా పోగొట్టుకుంటాడు. చదువు ఆటకు అడ్డమనే కోచ్ ఎదురైతే ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

పొద్దున, సాయంత్రం ప్రాక్టీసు ఉన్న పిల్లాడికి మామూలు బడి కష్టం కావచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది, జాతీయ స్థాయిలో ఎన్‌ఐఓఎస్ ఉంది. పది, ఇంటర్ వాటి ద్వారా పూర్తిచేయొచ్చు. పేరుకు ఫీజు కట్టి వదిలేయకుండా, పాఠం చెప్పే మనిషి ఉన్నారో లేదో చూసుకోండి. ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడు కూడా ఆటను దృష్టిలో పెట్టుకోండి. ఫిజియోథెరపీ మీద మనసున్న పిల్లలకు బైపీసీ కావాలి. రిఫరీలు, మెట్టుమెట్టుగా లైసెన్సులు తెచ్చుకునే కోచ్‌లు, మ్యాచ్ వీడియోలు చూసి విశ్లేషించేవాళ్లు కూడా ఈ ఆట మీదే బతుకుతున్నారు. ఆ దారులున్నాయని పదిహేనేళ్లకే పిల్లాడికి తెలియాలి.

చేర్చే ముందు అకాడమీ వాళ్లను మొహమాటం లేకుండా అడగండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) గుర్తింపు ఉందా? గాయమైతే ఎవరు చూస్తారు, ఖర్చు ఎవరిది? రోజూ ఫోన్‌లో మాట్లాడనిస్తారా? హాస్టల్లో రాత్రిపూట బాధ్యత ఎవరిది? గత మూడేళ్లలో బయటికెళ్లిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు? చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ అకాడమీ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది.

కాగితాల విషయంలో ఇంకా జాగ్రత్త. వయసు ఒక ఏడాది తగ్గించి రాయిద్దామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. యూత్ టోర్నీల్లో ఎముకల వయసు పరీక్ష చేస్తున్నారు. దొరికితే పోయేది పిల్లాడి పరువు, భవిష్యత్తు. యూరప్‌లో ట్రయల్స్ ఇప్పిస్తానని లక్షలు అడిగేవాళ్లూ వస్తారు. కొన్ని మినహాయింపులు తప్ప, పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని వేరే దేశపు క్లబ్బుకు బదిలీ చేయకూడదన్నది ఫిఫా నియమం. ఆ వయసువాళ్లతో మూడేళ్లకు మించి కాంట్రాక్టు కూడా కుదుర్చుకోకూడదు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు మీకు తెలిసిన లాయరుతో చదివించుకోండి.

అప్పుల మాట కూడా చెప్పాలి. పొలం అమ్మో, బంగారం కుదువపెట్టో అకాడమీ ఫీజు కట్టకండి. తన ఆట మీద ఇంటి అప్పు ఆధారపడి ఉందని తెలిసిన పిల్లాడు గాయమైనా దాచిపెట్టి ఆడతాడు. మోకాలి లిగమెంట్ తెగితే మళ్లీ మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుంది. 2017 అండర్-17 ప్రపంచకప్ ఆడిన అన్వర్ అలీకి గుండె సమస్య బయటపడి, ఆట ఆపమన్నారు. అతను ఆ తర్వాత తిరిగి వచ్చి దేశానికి ఆడాడు. అందరికీ అలా వీలుపడకపోవచ్చు. ఏటా ఒకసారి పిల్లాడిని డాక్టరుకు చూపించండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకూ ఆడింది. దారి ఉంది. మహిళల లీగ్‌లో డబ్బు తక్కువ కాబట్టి చదువు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీ అమ్మాయికి ఇంకా ముఖ్యం. పెళ్లి పేరు చెప్పి మధ్యలో ఆపించకండి.

ఏదో ఒక రోజు అకాడమీ నుంచి 'ఇక చాలు' అన్న కబురు రావచ్చు. పదహారేళ్లకో, పద్దెనిమిదేళ్లకో చాలామందికి వస్తుంది. ఆ రోజు లెక్కలు తీయకండి, పక్కింటి పిల్లాడితో పోల్చకండి. ఆట నేర్పిన క్రమశిక్షణ, జట్టుతో కలిసి బతకడం వాడి దగ్గరే ఉంటాయని చెప్పండి. కొన్నాళ్లు బాధపడనివ్వండి. నెలలు గడిచినా నిద్ర, తిండి సరిగా లేకపోతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లడానికి సంకోచించకండి.

ఏటా సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక పూట పిల్లాడితో తీరిగ్గా కూర్చోండి. ఆటలో ఇంకా ఆనందం ఉందా, చదువు ఎక్కడిదాకా వచ్చింది, వచ్చే ఏడాది ఏం చేద్దాం అని అడగండి. జవాబు వాడినే చెప్పనివ్వండి. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వాడి చేతిలో క్లబ్ కాంట్రాక్టు ఉంటుందో లేదో మన చేతుల్లో లేదు. ఇంటర్ మెమో ఉండేలా చూడటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.