దిగులు ఉంటే భక్తి లేనట్టేనా? రామదాసు చెరసాల చెప్పేది

మొన్న వీడియోలో శరణాగతి గురించి చెప్పుకున్నాం కదా, టైమ్ సరిపోక వదిలేసిన ఒక ముక్క ఇక్కడ రాస్తున్నాను.

దేవుణ్ణి నమ్మినవాడు చింత పడకూడదని పెద్దలు అంటారు. మనకేమో నెల తిరిగేసరికి ఈఎంఐ, అప్రైజల్ టెన్షన్, ఊళ్లో నాన్నకి షుగర్. దీపం పెట్టి కూర్చున్నా బుర్రలో అవే తిరుగుతుంటాయి. "నాది అసలు భక్తేనా?" అని అనుమానం మొదలవుతుంది. ఇక రోజూ చేసే పూజ శనివారానికి మారుతుంది, కొన్నాళ్లకి అదీ ఆగిపోతుంది. నన్నడిగితే మనల్ని ఆపేది దిగులు కంటే ఈ అనుమానమే.

గీతలో కృష్ణుడి ఉపదేశం 2వ అధ్యాయం 11వ శ్లోకంలో శోకం మాటతోనే మొదలవుతుంది. 18వ అధ్యాయం 66వ శ్లోకంలో శోకించవద్దని అభయమిచ్చే చోటికి చేరుతుంది. మధ్యలో ఎంత చెప్పాల్సి వచ్చిందో చూడండి. అర్జునుడంతటివాడికే ఒక్క మాటతో దిగులు పోలేదు, మనమెంత!

ఇప్పుడు మన కంచర్ల గోపన్న దగ్గరికి వద్దాం. నేలకొండపల్లి మనిషి, తానీషా కాలంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్లు అంటారు. అన్నేళ్లు ఆయన నవ్వుతూ, నిశ్చింతగా కూర్చున్నాడా? లేదండీ. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన శ్రద్ధగా వినండి. అది దాదాపు ఖర్చుల లెక్క! సీతమ్మకి చేయించిన చింతాకు పతకం దగ్గర్నుంచి ఎవరెవరికి ఏ నగ చేయించాడో, ఎన్ని వేలు అయ్యాయో రాముడికే ఏకరువు పెడతాడు. ఎవరి సొమ్ము చూసుకుని ఈ కులుకు అని నిలదీస్తాడు. చివరికి దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానయ్యా, మనసులో పెట్టుకోకు అని బతిమాలతాడు. ఇంకో కీర్తనలో సీతమ్మనే పట్టుకుని, నువ్వైనా ఆయనకి చెప్పమ్మా అంటాడు. (మన ఆఫీసు భాషలో ఎస్కలేషన్. వైష్ణవ సంప్రదాయంలో దీనికి మంచి పేరే ఉంది, పురుషకారం.)

శరణాగతికి ఆరు అంగాలని చెప్పుకున్నాం. వాటిలో మహావిశ్వాసం ఒకటి, ఆయన కాపాడతాడన్న గట్టి నమ్మకం. కార్పణ్యం ఇంకొకటి, నా వల్ల కావట్లేదని ఒప్పుకోవడం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎదురుగా లేనివాడితో ఎవరూ పోట్లాడరు కదా! రామదాసు బాధ చెప్పుకున్నాడు, కోప్పడ్డాడు, మాట్లాడటం మాత్రం మానలేదు. చింత వదలడమంటే నాకు అర్థమైంది ఇదే. మూట మోయలేకపోతున్నానని ఆయన ముందే దించడం, రేపు మళ్లీ బరువెక్కితే మళ్లీ దించడం.

పోయినేడాది మా టీమ్‌లో చాలామందిని తీసేశారు. తర్వాత ఎవరో తెలీదు. రెండు నెలలు రోజూ లాప్‌టాప్ మూసేశాక రాముడి పటం ముందు కూర్చుని పైకే చెప్పేవాణ్ణి. ఇంటి అద్దె ఇంత, చెల్లి ఫీజు ఇంత, నా దగ్గరున్నది ఇంత అని. రూమ్మేట్ మొదట ఫోన్లో మాట్లాడుతున్నాననుకున్నాడు. భయం పోయిందని చెప్పను. కానీ ఆ రెండు నెలల్లో ఒక్కరోజు కూడా దీపం మానలేదు. అదే టైమ్‌లో రెజ్యూమే పంపడమూ మానలేదు. గీత అంతా విన్నాక అర్జునుడు కూడా యుద్ధమే చేశాడు కదా.

ఇంకోటి. నిద్ర పట్టట్లేదు, తిండి సహించట్లేదు అనే స్థితి వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దేవుడి మీద నమ్మకానికి అది అడ్డం కాదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు గోల్కొండకి వెళ్తే లైట్ అండ్ సౌండ్ షో చూసి వచ్చేయకండి. రామదాసు బందీఖానా లోపలికి వెళ్లండి. గోడ మీద చెక్కిన సీతారాములు, ఆంజనేయుడి రూపాలు కనిపిస్తాయి, రామదాసే చెక్కాడంటారు. కాసేపు అక్కడ నిలబడి, మీ లెక్కేదో మీరూ చెప్పుకోండి.

వచ్చే వీడియో దాశరథీ శతకం మీద. జై శ్రీరామ్.